కొట్టని మూడో దెబ్బ

పదకొండున్నర అయింది. ముసురు పట్టింది. తడిసిన సున్నం అరచేతులకి అంటుకుని వదలడం లేదు. తిండి డబ్బా ఇంట్లోనే మర్చిపోయి వచ్చానని తొమ్మిదింటికే గుర్తొచ్చింది. అప్పటినుంచి ఆకలి నన్ను నమిలేస్తోంది. ఏ ఇటుక ఊడదీసినా దాని వెనక ఆ డబ్బా ఉన్నట్టే అనిపిస్తోంది.

మాది భవనాలు విప్పే పని. అప్పుడు విప్పుతున్నది నాలుగు అంతస్తుల పాత ఆఫీసు. అటూ ఇటూ ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని ఉన్నాయి, యంత్రం పెడితే అవి కూడా కూలతాయి. అందుకని మనిషే సుత్తితో, గునపంతో పైనుంచి ఒక్కో వరసా తీసుకుంటూ కిందికి రావాలి. నేను పై అంతస్తులో ఉన్నాను.

మెట్ల మీద నా మేనకోడలు కనిపించింది. ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో ఫోన్.

"మావయ్యా, అత్త పంపింది. నీ తల మెడకి అతుక్కుని ఉంది కాబట్టి సరిపోయిందట, లేకపోతే అది కూడా నేనే మోసుకురావాలట."

"మీ అత్తకి నా తల మీద ఎప్పుడూ కన్నే. కాస్త ఆగు, ఇప్పుడే వస్తా."

గోడ పక్కన ఇనప నీళ్ళ పైపు ఉంది. పైనుంచి కింద దాకా ఒకటే పైపు. దాని మీద సుత్తితో రెండు దెబ్బలు కొట్టాను. కాసేపటికి కిందనుంచి ఒక దెబ్బ వినిపించింది. పిల్ల ఫోన్ పైకెత్తి అదంతా వీడియో తీసింది.

"ఇదేంటి మావయ్యా?"

చెప్పాను. విప్పిన ఇటుకలూ, సున్నం పెళ్ళలూ అన్నీ పాత లిఫ్టు గొయ్యిలోకి తోసేస్తాం. అడుగున నా జతగాడు దాన్ని పారతో ఎత్తి బండిలో పోస్తాడు. పైవాడికి కిందవాడు కనపడడు, దుమ్ములో కేక వినపడదు. అందుకని పైపు. పైనుంచి మూడు కొడితే, పడేస్తున్నా తప్పుకో అని. తప్పుకున్నాక వాడు రెండు కొడతాడు. పైనుంచి రెండు కొడితే, ఆపేశాను, లోపలికొచ్చి ఎత్తుకో అని. వస్తున్నానని వాడు ఒకటి కొడతాడు. మా తాతల నాటి లెక్క కాదుగానీ, నేను ఈ పనిలోకొచ్చిన ఇరవై ఆరేళ్ళనుంచీ ఇదే లెక్క.

ఆమె విందో లేదో తెలియదు. తీసిన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వింటోంది.

ఈ పిల్ల మా చెల్లెలి కూతురు. తండ్రి లేడు. మా చెల్లెలు వేరే ఊళ్ళో చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. కూతుర్ని కాలేజీకని మా ఇంటికి పంపింది. మాకున్నవి రెండు గదులు. ముందు గదిలో కిటికీ కింద ఒక బల్ల, ఒక అర, అవే ఆమె సామ్రాజ్యం. చదివేది మీడియా కోర్సు. ఐదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, అదేం చదువో నాకేం తెలుసు? ఒకసారి అడిగితే, "మనల్ని జనం చూసేలా చేయడం నేర్పుతారు మావయ్యా," అంది.

"జనం చూడాలంటే నడిరోడ్డు మీద జారిపడితే చాలు కదా."

"ఒకసారి చూస్తారు. మళ్ళీ రేపు కూడా రావాలి కదా!"

ఆ ఏడాది చివరి పరీక్ష రాసేది కాదు. ప్రతివాళ్ళూ ఒక పేజీ నడపాలి. ఏడాది ముగిసే శుక్రవారానికి ఆ పేజీని పదివేలమంది ఫాలో అవుతూ ఉండాలి. లేకపోతే ఏడాది మళ్ళీ మొదటినుంచి. ఇంకో ఏడాది చదివించే ఓపిక మా చెల్లెలికి లేదు, కళ్ళు పోతున్నాయి. తప్పితే పిల్ల కూడా వెళ్ళి పక్క మిషను మీద కూర్చోవడమే. అది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

మొదట కిటికీ మీద వాలే పావురాల్ని తీసింది. తర్వాత వాళ్ళ అత్త మొక్కల కుండీలు. నాలుగు నెలలకి పన్నెండు మంది. అందులో నేనొకణ్ణి. నేను అభిమానం ఎక్కువై రెండోసారి కూడా నొక్కాను, దాంతో పదకొండు మందయ్యారు. ఆ రోజు నాతో మాట్లాడలేదు.

పైపు వీడియో మర్నాటికి నాలుగు వందల మంది చూశారు. వారానికి నలభై వేలు. ఎవరో తెలియని వాళ్ళు, ఎక్కడెక్కడి వాళ్ళో. ఆ శబ్దం వింటే హాయిగా ఉందట. కింద ఉన్న మనిషి ఎవరు, జవాబు ఒక్కటే ఎందుకు కొట్టాడు అని అడిగారు. ఒకడు నాకు సుత్తి అంకుల్ అని పేరు పెట్టాడు.

మధ్యాహ్నం తిండి దగ్గర నా జతగాడు అందుకున్నాడు. వాణ్ణి అందరం గడియారం అంటాం. ఎప్పుడడిగినా చేతికి వాచీ లేకుండానే టైం చెప్పేస్తాడు, ఐదు నిమిషాలు అటూ ఇటూ కాదు. పద్దెనిమిదేళ్ళుగా నేను పైన, వాడు కింద.

"ఏం బావా, సుత్తి అంకుల్ అంటే సుత్తి కొడతావనా, సుత్తి వేస్తావనా?"

"నీ మొహం. నిన్నెవరూ చూడలేదని కుళ్ళు."

"నన్ను చూడక్కర్లేదులే, నా దెబ్బ విన్నారు. డైరెక్టర్ గారూ, ఈసారి మా వైపు కూడా కాస్త కెమెరా తిప్పండి. మా ఆవిడ నేను పనికే వెళ్తున్నానని నమ్మట్లేదు."

పిల్ల పడీ పడీ నవ్వింది. "నీకు స్పెషల్‌గా తీస్తా బాబాయ్."

తీసింది కూడా. వాడు పార భుజాన పెట్టుకుని పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

అప్పటినుంచి రోజూ భోజనం వేళకి వచ్చేది. కాలేజీ సారు చెప్పిన నియమాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని గోడకి అంటించుకుంది. రోజూ ఒకటే టైంకి పెట్టాలి, సాయంత్రం ఆరు. రాసినవాళ్ళకి గంటలోపు జవాబివ్వాలి. చివర్లో ఏదో ఒకటి అడగాలి. అన్నిటికంటే పైన పెద్దక్షరాలతో: మొదటి మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో మనిషిని ఆపలేకపోతే వాడు వేలితో తోసేసి పోతాడట. మన బతుకంతా ఆ వేలి కిందేనట.

కొత్త వీడియోల్లో శబ్దంతోపాటు గోడ పడటం కూడా ఉండాలంది. నేను అలవాటుగా మూడు కొట్టాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మూడు కొడితే అక్కడికే టైం అయిపోతోంది మావయ్యా. రెండు కొట్టు, వెంటనే తోసెయ్యి."

"రెండంటే రమ్మని కదే."

"బాబాయ్ ఇక్కడే ఉన్నాడు కదా!"

నిజమే, గడియారం మా పక్కనే కూర్చుని తింటున్నాడు. "కొట్టు బావా, నేనేం ఇక్కణ్ణుంచి దూకను," అన్నాడు. కొట్టాను. రెండు, తర్వాత గోడ. బాగా వచ్చింది. అలా నలభై రోజులు, భోజనం వేళలో రెండు, పనివేళలో మూడు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నాకు అది నచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా నేను పని చేస్తుంటే మేస్త్రి తప్ప చూసినవాడు లేడు, మేస్త్రి చూపు ఎలాంటిదో అందరికీ తెలిసిందే. ఇప్పుడు బస్సులో కూర్చుని ఎవరెవరో రాసింది చదువుకునేవాణ్ణి. పొద్దున్నే గడ్డం గీసుకుని పనికి వెళ్ళడం మొదలెట్టాను. "గోడలు పెళ్ళిచూపులకొస్తున్నాయా ఏంటి?" అంది మా ఆవిడ.

చివరి వారానికి ఫాలో అయ్యేవాళ్ళు ఎనిమిది వేల ఆరొందల మంది అయ్యారు. అక్కడ ఆగిపోయింది. పిల్ల ముద్ద నోట్లో పెట్టుకుని ఫోన్ చూసేది, ముద్ద అక్కడే ఉండేది. చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, అవుతుందంటావా?" అని అడిగితే, అవుతుందన్నాను.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి వచ్చింది. మధ్యాహ్నం కాలేజీలో సారు అందరి పేజీలూ చూస్తాడట, అందుకని ముందే వచ్చింది. మేము రెండో అంతస్తుకి దిగి ఉన్నాం. లిఫ్టు గొయ్యి అంచున ఒక గోడ ముక్క మిగిలింది, మనిషి ఎత్తుంటుంది. దాన్ని అడుగున కోసి ఉంచాను, గునపంతో ఒక్క పోటు పొడిస్తే చాలు.

"ఇది పడేది తీస్తా మావయ్యా. పెద్దది, ఇలాంటిది ఇప్పటిదాకా పెట్టలేదు. ఒక్కసారే అవకాశం, కరెక్ట్‌గా రావాలి."

"సరే."

"మూడు కాదు, రెండే. అందరూ ఆ రెండే అడుగుతున్నారు. మొహం కాస్త ఇటు."

మొహం ఇటు తిప్పాను. రెండు కొట్టాను. కిందనుంచి ఒకటి వినిపించింది. భలే పలికింది, వీడియోలో బావుంటుంది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. గునపం పొడిచాను.

గోడ మొత్తం ఒకేసారి వెళ్ళింది. దుమ్ము పైకి లేచింది. కేక ఏమీ రాలేదు. పిల్ల ఫోన్ ఇంకా పట్టుకునే ఉంది. అప్పుడు పైపు మీద దెబ్బ వినిపించింది. ఒకటి. ఇంకొకటి. తర్వాత వరసగా, లెక్కా పత్రం లేకుండా కొడుతూనే ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళలో వాడు అలా కొట్టడం నేను వినలేదు.

నేను మర్చిపోయానా? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. చెయ్యి మర్చిపోలేదు, నలభై రోజులుగా ఫోన్ ముందు ఏం చేసిందో అదే చేసింది. తల ఎక్కడుందంటే, వీడియోలో మొహం ఎలా పడుతుందో అన్న దగ్గరుంది.

పది మందిమి చేతులతో ఇటుకలు తీశాం. వాడికి స్పృహ ఉంది. నన్ను చూసి, "రెండేగా కొట్టావు బావా," అన్నాడు. నేను ఇంకో ఇటుక తీశాను. పక్కన ఉన్నవాళ్ళు వాడేదో కలవరిస్తున్నాడనుకున్నారు.

ఆసుపత్రి వసారాలో మేస్త్రి నన్ను పక్కకి పిలిచాడు.

"ఎన్ని కొట్టావు?"

"మూడు."

ఆలోచించి చెప్పలేదు. నోట్లోంచి వచ్చేసింది, ఎవరో నాకోసం సిద్ధం చేసి పెట్టినట్టు.

"మూడు కొడితే వాడెందుకొచ్చాడు లోపలికి?"

"ఏమో."

"అయితే వాడి తప్పే," అని జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. పనివాడి తప్పయితే కంపెనీ ఏమీ ఇవ్వక్కర్లేదు. అది మేస్త్రికి తెలుసు, నాకూ తెలుసు. పిల్ల నా పక్కనే గోడకి ఆనుకుని నిలబడి ఉంది. విన్నది.

ఆరయింది. ఆమె బెంచీ మీద కూర్చుని ఫోన్ తీసింది. ఏం చేస్తోందో చూశాను. రెండు దెబ్బలు, కిందనుంచి ఒకటి, గోడ పడటం. దుమ్ము లేచే చోట కోసేసింది. పెట్టేసింది. పెట్టాక ఫోన్ ఒళ్ళో వదిలేసి చేతులు చూసుకుంది. నేను ఆపి ఉండొచ్చు. చివర కోసేసింది కదా, అదే నయం అనుకుని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దుటికి పదివేలు దాటింది. బుధవారానికి పద్నాలుగు. ఇప్పటిదాకా క్లాసులో ఎవరూ ఇంత బాగా చెయ్యలేదని సారు మెసేజ్ పెట్టాడట. మా ఆవిడ ఆమె భుజం మీంచి చూసి నాకు చెప్పింది. పిల్ల చెప్పలేదు.

గడియారానికి కుడి కాలు మోకాలి పైదాకా తీసేశారు. ఎడమది ఉంది, ఉందని మాత్రం వాడికి తెలియడం లేదు.

బుధవారం సాయంత్రం వాడి భార్య మా ఇంటికొచ్చింది. పిల్ల బల్ల దగ్గర కూర్చుని పేజీలో వాళ్ళకి జవాబులు రాస్తోంది. మా ఆవిడ మంచినీళ్ళు ఇస్తే ఆమె పుచ్చుకోలేదు.

"అన్నా, కూర్చోవడానికి రాలేదు. వార్డులో పక్క మంచం వాళ్ళ అమ్మాయి ఫోన్‌లో ఇది చూస్తోంది. ఈయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. శబ్దం విని లేచాడు. మళ్ళీ పెట్టమన్నాడు. నాలుగుసార్లు విన్నాడు. రెండే, నేను చెప్పలేదూ, రెండే కొట్టాడు అన్నాడు."

ఆమె తన ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కింది. గదిలో ఆ పైపు మోగింది.

"లెక్కపెట్టు అన్నా."

"అది పాతది చెల్లెమ్మా. ఇలాంటివి ఎన్నో తీశాం. భోజనం వేళలో, వాడు పక్కనుండగానే."

"కిందనుంచి జవాబొచ్చింది కదా. ఆయన పక్కనుంటే కింద ఎవరు కొట్టారు?"

ఆమె పిల్ల వైపు తిరిగింది.

"నువ్వు చెప్పమ్మా. నువ్వే కదా తీసింది. ఇది ఆ రోజుదేనా? ఆయనకి కాలెలాగూ రాదు. తప్పు తనదని రాశారట, అదే పట్టుకుని ఏడుస్తున్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు దెబ్బకి లోపలికెళ్ళలేదు నేను అంటున్నాడు."

పిల్ల నా వైపు చూసింది. నేను కళ్ళతోనే అడిగాను. ఏం అడిగానో ఆమెకి తెలుసు. మా ఆవిడ కూడా పిల్ల వైపే చూస్తోంది, నా పని పోతే ఆ రెండు గదులు కూడా ఉండవు.

"పాతదే పిన్నీ," అంది పిల్ల. "జవాబు నేను తర్వాత కలిపాను. అలా కలపొచ్చు."

గడియారం భార్య బల్ల మీదున్న ఫోన్ వైపు చూసింది. "అలా కూడా కలపొచ్చా?" అంది. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. ఫోన్ తీసుకుని వెళ్ళిపోయింది.

తలుపు మూశాక నేను, "మంచిపని చేశావమ్మా," అన్నాను. ఆ మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో తెలియదు. పిల్ల మళ్ళీ బల్ల దగ్గర కూర్చుంది. ఎవరో అడిగారు, కింద ఉండే అంకుల్ ఎలా ఉన్నారు అని. గంటలోపు జవాబివ్వాలి. ఆమె వేళ్ళు అక్షరాల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏం రాసిందో నేను చూడలేదు. ఆ పూట తిండి వద్దంది. బతిమాలితే, "ఆకలి లేదు మావయ్యా," అంది. ఆమె నాతో అన్న చివరి మాట అదే.

గురువారం పొద్దున లేబర్ ఆఫీసరు దగ్గరికి రమ్మని నాకూ మేస్త్రికీ కబురొచ్చింది. ఇరుకు గది. ఫ్యాను తిరుగుతుంటే కాగితాలు ఎగరకుండా వాటి మీద తాళంచెవుల గుత్తి పెట్టాడు. గడియారం భార్య ముందే వచ్చి గోడ పక్క బెంచీ మీద కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు.

మేస్త్రి తను రాసుకున్నది చదివాడు. మూడు దెబ్బలు కొట్టినా పనివాడు అజాగ్రత్తగా లోపలికెళ్ళాడు అని. ఆఫీసరు నన్ను, "నిజమేనా?" అని అడిగాడు. "నిజమే సార్," అన్నాను.

"సరే. నిన్న రాత్రి ఈమె ఫోన్‌కి ఒక వీడియో వచ్చింది. వినండి," అని ఆఫీసరు తన బల్ల మీదున్న ఫోన్ నొక్కాడు.

కోసింది కాదు, మొత్తం. మొదట నా మొహం, గడ్డం గీసుకున్న మొహం. తర్వాత పిల్ల గొంతు. మూడు కాదు, రెండే. అందరూ ఆ రెండే అడుగుతున్నారు. మొహం కాస్త ఇటు. రెండు దెబ్బలు. కిందనుంచి ఒకటి. గోడ. దుమ్ము. ఆ తర్వాత పైపు మీద వాడు కొట్టింది అంతా. కోసేసిన భాగం ఇంత పొడుగుందని నాకు అప్పుడే తెలిసింది. మేస్త్రి పుస్తకం మూసేశాడు. గడియారం భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ ఆడపిల్ల గొంతెవరిది?"

"మా మేనకోడలిది సార్."

"ఎన్ని కొట్టావు?"

"రెండు."

ఆఫీసరు మేస్త్రి కాగితం మీద అడ్డంగా గీత గీసి, కొత్త కాగితం తీసుకున్నాడు. నాచేత సంతకం పెట్టించుకున్నాడు. రేపట్నుంచి పనికి రానక్కర్లేదని మేస్త్రి బయటికొచ్చాక చెప్పాడు. మిగతాది పోలీసులు చూసుకుంటారట.

ఇంటికి నడుచుకుంటూ వచ్చాను. దారిలో ఏమనాలో రకరకాలుగా అనుకున్నాను. తిట్టాలనుకున్నాను కొంతదూరం. ఇంకొంతదూరం పోయాక, ఎందుకే నా దగ్గర ఒక్క మాట అనలేదు అని అడగాలనుకున్నాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. కిటికీ కింద బల్ల మీద ఏమీ లేదు. అర ఖాళీ. గోడ మీద కాగితం చింపేసిన చోట జిగురు మరకలు నాలుగు.

మా ఆవిడ వెనక గదిలోంచి వచ్చింది. "నేను కుళాయి దగ్గర ఉన్నానయ్యా. వచ్చి చూస్తే లేదు. నీకేమైనా చెప్పిందా?"

"నాకేం చెప్పలేదు."

నా ఫోన్‌లో ఆమె పేజీ కోసం వెతికాను. లేదు. పద్నాలుగు వేల మంది, ఆ వీడియోలూ, పావురాలూ, ఏవీ లేవు. సారు మార్కులు వేసేది మర్నాడు. ఆమె నంబరు కొడితే మోగలేదు.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. వెనకాల మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. "అన్నయ్యా, రేపే కదా? పదివేలు దాటాయని మొన్న అంది. ఒక్కసారి దానికియ్యి, మాట్లాడతాను," అంది.

"ఇక్కడ లేదమ్మా," అన్నాను. ఎక్కడికెళ్ళిందని అడుగుతూనే ఉంది. నేను ఫోన్ మా ఆవిడ చేతికిచ్చి, ఖాళీ బల్ల మీద కూర్చున్నాను.